చూసినవాళ్ళ పేరు

2011 నవంబరు, సోమవారం. పొద్దున మంచు పట్టింది. తొమ్మిది దాటాక ఎండ. సంపు అడుగున చేరిన మట్టి తోడి, గోడల నాచు గీకి కడిగాను.

సుగుణా, బాగున్నావా...

అలా అడగొచ్చో లేదో తెలియదు. నువ్వు పోయి రెండో నెల నడుస్తోంది. పోయినవాళ్ళని బాగున్నావా అని అడగొచ్చా అని పాస్టరుగారిని అడుగుదామనుకున్నాను. అడగలేదు. నీ జ్ఞాపకార్థ కూడిక నాడు ఆయన చాలాసేపు మాట్లాడారు. నువ్వుంటే మధ్యలో చాయ్ పంపించి ఆపేదానివి.

ఇది నా రోజువారీ పుస్తకంలోనే రాస్తున్నాను. ఎండ, వాన, కరెంటు, ఏ వీధికి నీళ్ళు... రోజూ రాసుకునేదే కదా. చూసి నవ్వేదానివి. "ఇంట్ల మనిషితోని మాట్లాడవు గని, బుక్కుతోని మస్తు మాట్లాడతవ్" అనేదానివి. ఇప్పుడు ఇంట్లో మనిషి లేదు. బుక్కే ఉంది. నీతో మాట్లాడాలంటే ఇందులోనే మాట్లాడాలి. ఏం చేయమంటావు?

ముందు ఒక సంగతి చెప్పాలి. మన నల్లబల్ల పోయింది.

పోయింది అంటే తీసుకుపోయారు. పోయిన మంగళవారం ఇద్దరు మనుషులొచ్చి మేకులు పీకి, ఆటోలో వేసుకుని పోయారు. మోటరు గది గోడ మీద బల్ల ఉన్నంత మేర ఇంకా తెల్లగా ఉంది. చుట్టూ గోడ మాసిపోయింది.

కోపం తెచ్చుకోకు. కాదు, తెచ్చుకో. నాకూ వచ్చింది. నాకు కోపం వస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు, ఎవరికీ తెలియకుండా ఉంటుంది. ఈసారి తెలిసేట్టే ఉంది.

ఆ బల్ల ఎలా వచ్చిందో నీకు చెప్పనవసరం లేదు. అయినా రాస్తాను. రాస్తుంటే నువ్వు పక్కన కూర్చుని తప్పులు పడుతున్నట్టు ఉంటుంది.

కర్మన్‌ఘాట్ గుడి దాటి లోపలికొస్తే నాలుగు వీధుల కాలనీ. మోటరు వేసి, వీధికింత అని వంతులవారీగా నీళ్ళు వదలడం నా పని. మోటరు గదిని ఆనుకునే మన గది. పొద్దున లేస్తే తలుపు ముందు జనం. మా వీధికి నీళ్ళెప్పుడు, మా వీధికి ఎందుకు రాలేదు... నాకేమో నోరు పెగలదు. రెండు వేళ్ళు చూపిస్తే రెండింటికి అని కొందరు, రెండు గంటలాగి అని కొందరు, రెండో వీధికి అని కొందరు. ఒకరోజు రెండో వీధి వాళ్ళంతా బిందెలు పెట్టుకుని కూర్చుని నన్ను తిట్టారు. ఆ సాయంత్రమే నువ్వు చంపాపేట్ పాత సామాన్ల కొట్టు నుంచి, ఏ బడిలో తీసేశారో, కాలు విరిగిన నల్లబల్ల నెత్తిన పెట్టుకుని వచ్చావు. నలుగురూ చూస్తుండగా గోడకు కొట్టించావు.

"ఈయన నోట్లకెల్లి మాట రాదు. గీ బల్ల మీదికెల్లి అన్న రానియ్యుండ్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపలికి పోయి.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. ఎల్బీనగర్ చౌరస్తాలో కూలీ కోసం నిలబడ్డ రోజుల్లో బస్సుల మీది పేర్లు చూసి అక్షరాలు పట్టుకున్నాను. ఈ బస్సు నల్గొండ పోతుంది, కాబట్టి ఆ రాసింది నల్గొండ. అది సూర్యాపేట. అలా. అందుకేనేమో, నా అక్షరాలు ఇప్పటికీ బస్సు బోర్డు మీదివిలా లావుగా ఉంటాయి. దూరం నుంచి కనబడతాయని నీకు అవే నచ్చాయి.

మొదట నీళ్ళ వేళలే రాసేవాణ్ణి. తర్వాత కరెంటు కోత. తర్వాత కిరోసిను ఎప్పుడిస్తారో. ఆ తర్వాత బల్ల నా చేతిలో లేదు, నీ చేతిలోకి పోయింది. ఎవరింట్లో పెళ్ళి, ఎవరి మేక తప్పిపోయింది, ఎవరికి రక్తం కావాలి, ఏ గది కిరాయికి ఉంది...

గ్యాసు బండి సంగతి గుర్తుందా? మధ్యాహ్నం బండి వస్తోందని ఎవరో అన్నారు, నువ్వు చెప్పావు, నేను రాశాను. మూడో వీధి మొత్తం ఖాళీ సిలిండర్లు దొర్లించుకొచ్చి ఎండలో నిలబడింది. బండి రాలేదు. ఎవరు చెప్పారయ్యా అంటే ఎవరికీ తెలియదు. నువ్వు ప్రతి సిలిండరు దగ్గరికీ పోయి క్షమించమని అడిగావు. ఆ రోజు నుంచి నీ కానూను మొదలైంది.

"చెప్పినోళ్ళ పేరు లేంది బల్ల మీదికి రాదు. కండ్లార చూసినోళ్ళ పేరు ఉంటె ఇంక మంచిది."

ఇంకొకటి కూడా పెట్టావు. ఎవరు ఎలా చెబితే అలాగే రాయాలి. వరలక్ష్మి గారు తెనాలి మనిషి. ఆవిడ "మా గేదెపాలాయన రేపు రాడండీ" అంటే, నేను ఆ 'అండీ' ఎందుకని చెరపబోయాను. చేయి పట్టుకున్నావు. "మాట ఆమెది, చాక్‌పీసు నీది. నువ్వు రాయి, దిద్దకు." అందుకే మన బల్ల మీద ఒక వరుస 'ఒస్తుండు' అనేది, కింది వరుస 'వస్తున్నారండీ' అనేది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి నవ్వుకునేవారు. నవ్వుకోనీ.

సాయంత్రం ఆరింటికి నువ్వు స్టీలు పళ్ళెం మీద గంటెతో కొట్టేదానివి. చదువు రానివాళ్ళంతా వచ్చేవారు. కాలనీ ప్రెసిడెంటు సార్ ఇంట్లో పనిచేసే బాలమ్మ, ఇటుకలు మోసే ఆడవాళ్ళు, అపార్టుమెంటు వాచ్‌మన్. చదువొచ్చినవాళ్ళు కూడా నీ చదువుడు వినడానికి వచ్చేవారు. రాసింది నేను, చదివేది నువ్వు. నేను తలుపు వెనక నిలబడి వినేవాణ్ణి. నేను రాసినదే, నీ నోట్లో పడితే ఇంకోలా ఉండేది... ఎందుకు?

ఉద్యమం వేడెక్కాక బల్లకు పని పెరిగింది. టీవీలో ఒక చానల్ పెడితే ఊరంతా తగలబడుతున్నట్టు ఉండేది. ఇంకొకటి పెడితే ఊళ్ళో ఏమీ జరగనట్టు ఉండేది. మన వీధి తగలబడుతోందా లేదా తెలుసుకోవడానికి జనం టీవీలు ఆపి బల్ల దగ్గరికి వచ్చేవారు.

నర్సింగ్ సంగతి నాకు రోజూ గుర్తొస్తుంది. అల్మాస్‌గూడ నుంచి మన రెండో వీధికొచ్చిన పిల్లగాడు, మన కాలనీ కుర్రాళ్ళందరికీ ఉద్యమంలో వాడే ముందు. ఎల్బీనగర్‌లో ర్యాలీ జరిగిన రోజు మధ్యాహ్నం ఒక మాట వచ్చింది, ఆంధ్రోళ్ళు నర్సింగ్ తల పగలగొట్టారని. పది నిమిషాల్లో కుర్రాళ్ళు కట్టెలు పట్టుకుని వరలక్ష్మి గారి గేటు ముందు చేరారు. ఆవిడ భర్త దిల్‌సుఖ్‌నగర్ కోచింగులో లెక్కలు చెబుతాడు, ఆ వేళ ఇంట్లో లేడు. ఆవిడ వెనక గుమ్మం నుంచి మన దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "మా ఇళ్ళన్నీ తగలబెడతారంట, సుగుణమ్మా, బల్ల మీద రాయించు" అని. కుర్రాళ్ళు రాయమనేది ఒకటి, ఈవిడ రాయమనేది ఒకటి.

నువ్వు ఆవిడను వెంటబెట్టుకుని ఆ గేటు దగ్గరికే పోయి, ఇద్దరినీ ఒకే మాట అడిగావు. "మీరు చూసిండ్రా?"

చూడలేదు, అంట... అన్నారు ఇద్దరూ.

"అంట అనేటోనికి బల్ల మీద జాగ లేదు. నేనే పోయి చూసొస్త. అందాక గీ గేటు ముంగట కూసొని కట్టెలతోని ముగ్గులేసుకోండ్రి."

బస్సులు లేవు. నడిచే పోయావు, చెప్పుల్లేకుండా, దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు. పొద్దు గూకే వేళకు వచ్చావు. పళ్ళెం కొట్టావు. నువ్వు చెప్పావు, నేను రాశాను. "నర్సింగ్ తల పగలలే. ఎడమ చెయ్యి వాచింది. కొట్టింది లాఠీ. చెప్పింది నర్సింగ్. చూసింది సుగుణ."

కుర్రాళ్ళు కట్టెలు అక్కడే పడేసి పోయారు. ఆ కట్టెలతో మనం వారం రోజులు నీళ్ళు కాచుకున్నాం.

మర్నాడు కానిస్టేబులు వచ్చాడు. లాఠీ అన్న మాట తుడవమన్నాడు. నీ జవాబు వీధి వీధంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. "నీళ్ళ టైం తుడుస్త సారూ. లాఠీ తుడిస్తె పోరని చెయ్యి వాపు తగ్గుతదా?" ఆయనే అరచేత్తో తుడిచాడు. నువ్వు నా వైపు చూశావు. నేను మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ తుడిచాడు. మళ్ళీ రాశాను. ఆ ఎండకు ఆయనకు దాహం వేసింది. నువ్వే చెంబుతో నీళ్ళిచ్చావు. తాగి, చేతి సుద్ద ప్యాంటుకు రాసుకుని పోయాడు.

అప్పుడే ప్రెసిడెంటు సార్ వచ్చి అడిగారు, ఈ బల్లకు పర్మిషన్ ఉందా అని. "మా ఆయన మూగతనానికి ఉందా సార్ పర్మిషన్?" అన్నావు. ఆయన ఆ రోజు నవ్వి పోయారు. నవ్వు మూతి మీదే ఉంది. నేను చూశాను.

తర్వాత సమ్మె. బళ్ళు మూత, బస్సులు బంద్. ఏ కొట్టు తీసి ఉందో, పాలు ఎక్కడ దొరుకుతాయో రోజూ నువ్వు తిరిగి తిరిగి కనుక్కొచ్చేదానివి. ఛాతీలో మంట అంటే అజీర్తి అనుకున్నాం. దవాఖానకు తీసుకుపోయాక ఆ సాయంత్రమే...

అది రాయను. నీకు తెలిసిందే.

తిరిగి వచ్చాక నేను చేసింది ఒక్కటే చెబుతాను. బల్ల తుడిచాను. రాశాను. "సుగుణ పోయింది. చెప్పింది యాకోబు. చూసింది యాకోబు."

ఆరింటికి పళ్ళెం ఎవరూ కొట్టలేదు. అయినా బాలమ్మ వచ్చి నిలబడింది. "ఏం రాసినవ్ బిడ్డా?" అని అడిగింది. నాకు నోరు రాలేదు. వరలక్ష్మి గారు వచ్చి బాలమ్మ చెవిలో చదివారు. మూడే వాక్యాలు. చదవడానికి చాలాసేపు పట్టింది ఆవిడకు.

ఇక నువ్వు లేని సంగతులు.

నాలుగో వీధి చివర పిల్లల పార్కు జాగా ఉంది కదా, నువ్వు బాదం మొక్క నాటిన చోటు. పొద్దున నడకకు పోయిన వరలక్ష్మి గారు వచ్చి చెప్పారు, నేను రాశాను. "పార్కు జాగాలో మూడు గుంతలు తీశారండీ. ఇనుము కూడా దింపారు. చూసింది వరలక్ష్మి."

ఆ ఒక్క వార్తకు కాలనీ రెండు ముక్కలైంది. ప్రెసిడెంటు సార్ మనవాళ్ళ దగ్గర కూర్చుని, కమ్యూనిటీ హాలు కడుతుంటే ఆంధ్రోళ్ళు ఓర్వలేక ఏడుస్తున్నారన్నారు. అదే సాయంత్రం వాళ్ళ ఇళ్ళకు పోయి, ఇదంతా ఉద్యమం పిల్లల వసూళ్ళ గోల, మీరు దూరంగా ఉంటే మంచిదన్నారు. ఒకే నోరు, రెండు వీధుల్లో రెండు మాటలు. నువ్వుంటే రెండూ పక్కపక్కన రాయించి కింద ఆయన పేరు పెట్టించేదానివి.

నర్సింగ్ మండిపడుతూ వచ్చాడు. "ఏంది కాకా, సుగుణక్క పోంగనే బల్లని ఆంధ్రోళ్ళకు అప్పజెప్పినవా? వాళ్ళు ఏం చెప్తె గది రాస్తవా?"

నాకు చాలా చెప్పాలని ఉంది. రెండే మాటలు వచ్చాయి. చూసి రా.

వాడు ఎడమ చెయ్యి కుడిచేత్తో నిమురుకున్నాడు. పోయాడు. తిరిగొచ్చి నా చేతిలోంచి చాక్‌పీసు లాక్కుని, వరలక్ష్మి గారి వరుస కింద తనే రాశాడు. "గుంతలు నిజమే. ఫంక్షన్ హాలుకట, ప్రెసిడెంట్ బామ్మర్దిదట. చెప్పింది మేస్త్రీ. గుంతలు చూసింది నర్సింగ్." తర్వాత నా వైపు తిరిగి, "గీ రెండు 'అట'లు అక్క ఒప్పుకోదు గద కాకా" అన్నాడు. మళ్ళీ పోయి, మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి, ఆయన చేతనే పేరు రాయించాడు.

ఆ మర్నాడే బల్ల పీకారు.

గోడకు సున్నం వేయిస్తున్నాం అన్నారు ప్రెసిడెంటు సార్. సున్నం ఇంతవరకు రాలేదు. పోతూ పోతూ నాతో ఒక మాట అన్నారు. "నోరు జర అదుపుల పెట్టుకో యాకోబూ. నౌకరీ కాలనీది, గది కాలనీది. ఇంకోసారి గిసువంటి ముచ్చట నీ కాడికెల్లి బయటికొస్తే తాళంచెవి ఇచ్చి ఊరికి పోవుడే."

విన్నావా? నోరు అదుపులో పెట్టుకోమని, నన్ను! పుట్టి బుద్ధెరిగాక నన్ను ఆ మాట అన్నవాళ్ళు లేరు. నువ్వుంటే కడుపు పట్టుకుని నవ్వేదానివి. నాకూ నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. ఊరికి పొమ్మంటే ఊళ్ళో నాకేముంది? ఈ గదిలో నువ్వు మేకుకు తగిలించిన గొడుగు ఉంది. నీ పళ్ళెం ఉంది. ఈ కిటికీలోంచి చూస్తే నువ్వు కూర్చునే రాయి కనబడుతుంది. ఇది వదిలి ఎక్కడికి పోను?

బుధవారం ఏమీ రాయలేదు. గురువారం ఏమీ రాయలేదు. నీళ్ళు వదిలాను, వచ్చాను, పడుకున్నాను.

శుక్రవారం పొద్దున మొదటి వీధి వాల్వు తిప్పడానికి పోయాను. వరలక్ష్మి గారి వాకిట్లో కళ్ళాపి తడి ఇంకా ఆరలేదు. రోజూ ఆవిడ వేసే మెలికల ముగ్గు లేదు. ముగ్గుపిండితో అక్షరాలున్నాయి. చిటికెన వేలంత సన్నగా, వరుస తప్పకుండా.

"పార్కు జాగాలో గుంతలు మూడు కాదండీ, ఇప్పుడు అయిదు. చూసింది వరలక్ష్మి."

చదివి తలెత్తాను. ఆవిడ గుమ్మంలోనే ఉన్నారు, చేతిలో ముగ్గు డబ్బా. "బల్ల కాలనీదటగా యాకోబూ. వాకిలి నాది" అన్నారు.

రెండో వీధిలో నర్సింగ్ వాళ్ళమ్మ, వాకిట్లో పేడనీళ్ళ సాన్పు చల్లి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. "రేపు పొద్దుగాల చౌరస్తల దీక్ష ఉన్నది. చెప్పింది మా నర్సిగడు. పార్కుల గుంతలు నేను గూడ చూసిన." మూడో వీధిలో మన చర్చి సంఘం మార్తమ్మ ఇంటి ముందు కూడా రాత ఉంది. మనవాళ్ళు ముగ్గు వేయరు కదా. వరలక్ష్మి గారి దగ్గర పిండి అడిగి తెచ్చుకుందట. పాస్టరుగారు చూసి ఆగితే, "ముగ్గేస్తలేను అయ్యగారూ, వార్త రాస్తున్న" అందట. ఆయన కూడా చదువుకునే పోయారు.

అసలు సంగతి బాలమ్మది. ఆమెకు రాయడం రాదు. ప్రెసిడెంటు సార్ ఇంటి ముందు రోజూ ముగ్గు వేసేది ఆమే. ఆ శుక్రవారం ఆయన గేటు ముందు అయిదు గుండ్రాలు వేసింది. ఒక్కో గుండ్రం మధ్యలో నిలువుగా గీతలు, ఇనుప చువ్వల్లా. మూలన ఒక చిన్న చీపురు గీసింది. అది ఆమె సంతకం. సార్ పొద్దున స్కూటర్ తీస్తూ ఆ ముగ్గు చూసి, "మంచిగేసినవ్ బాలమ్మా, కొత్త డిజైనా?" అన్నారట. "అవు సారూ, గిప్పుడే తవ్విన" అందట ఆమె. మధ్యాహ్నానికి నాలుగు వీధులూ నవ్వాయి. ఆయనకు ఎవరు అర్థం చెప్పారో, సాయంత్రం బాలమ్మను పని మానిపించారు. ఆమె వరలక్ష్మి గారింట్లో చేరింది.

శనివారం పొద్దున ఆయన మనిషి చీపురు పట్టుకుని వచ్చాడు, రాతలు ఊడ్చేద్దామని. వరలక్ష్మి గారు గుమ్మం దిగలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "పెట్టు నాయనా చీపురు. ముత్తైదువ వాకిట్లో, పొద్దున్నే వేసిన ముగ్గు మీద, మగాడివి, పెట్టు. ముందు మీ అమ్మనడిగి వచ్చి పెట్టు" అన్నారు. వాడు చీపురు వీపు వెనక దాచుకుని నడిచాడు. రెండో వీధి దాకా పోయి చూశాడు. అక్కడా ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. నర్సింగ్ వాళ్ళమ్మ అయితే, "ఏం కొడుకా, మా ఇల్లు గూడ ఊడ్చిపోతవా? లోపట పెంట గూడ ఉన్నది" అంది.

మేకులు పీకి తీసుకుపోవడానికి అది బల్ల కాదు. కానిస్టేబులు కూడా ఆ పొద్దున బండి మీద వచ్చి, అక్షరాల మీద పోనివ్వకుండా పక్కనుంచి పోనిచ్చాడు. ఇది నేను కళ్ళారా చూశాను.

ఇంత జరిగినా ఒక లోటు ఉంది. నీకు ముందే తట్టి ఉంటుంది.

పదింటికల్లా స్కూలు ఆటోలు, స్కూటర్లు తిరిగి రాతంతా చెదిరిపోతుంది. పొద్దున్నే పనికి పోయేవాళ్ళు చూడలేరు. చూసినా చదవలేరు. నిన్న ఆదివారం ఆరింటికి, పళ్ళెం చప్పుడు లేకుండానే, వాళ్ళంతా వచ్చి ఖాళీ గోడ ముందు నిలబడ్డారు. బాలమ్మ, ఇటుకల పనివాళ్ళు, వాచ్‌మన్. ఆ తెల్లటి చోటు వైపు చూస్తూ. బాలమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "రాసుడైతే అయితున్నది యాకోబూ. సదువుడేది?"

నేను తలుపు దగ్గరగా వేశాను. లోపల కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాను. అంచున నువ్వు కొట్టి కొట్టి చేసిన సొట్ట ఉంది. వాళ్ళు చీకటి పడేదాకా ఉన్నారు. నీ కోసం ఉన్నారా, నా కోసమా?

ఇవాళ పొద్దున ప్రెసిడెంటు సార్ కబురు పంపారు. ఈ సాయంత్రం మోటరు గది ముందు మనిషి కనబడితే, మనిషి నోట మాట వినబడితే, ఆ క్షణమే తాళంచెవి తీసుకుంటారట. చదవడం ఇప్పుడు ఎవరి పనో ఆయనకు తెలుసన్నమాట. నాకంటే ముందే ఆయనకు తెలిసింది!

సంపు కడుగుతూ ఆలోచించాను. తాళంచెవి ఇస్తే గది పోతుంది. నోరు మూసుకుంటే గది ఉంటుంది, పళ్ళెం ఉంటుంది, గొడుగు ఉంటుంది... నువ్వుండవు. నువ్వు ఈ గదిలో ఎప్పుడు ఉన్నావు అసలు? ఎప్పుడూ బయట గోడ దగ్గరే కదా.

అందుకని పొద్దున వాల్వులు తిప్పడానికి పోయినప్పుడు నాలుగు వీధుల వాకిళ్ళూ చదువుకుంటూ, ఆటోలు రాకముందే ఈ పుస్తకంలో ఎక్కించుకున్నాను. దిద్దలేదు. 'అండీ'లు అలాగే ఉన్నాయి. బాలమ్మ బొమ్మ కూడా వేసుకున్నాను, దాన్ని ఎలా చదవాలో ఆమెనే అడగాలి. కుళాయి పైపు పగిలిన సంగతి ఉంది, వాచ్‌మన్ కూతురికి బిడ్డ పుట్టిన సంగతి ఉంది. గుంతలు ఏడయ్యాయి. నీ బాదం మొక్క ఒక గుంత అంచున వేలాడుతోంది. అది చూసింది నర్సింగ్. వాడు దాని చుట్టూ ఇటుకలు పేర్చి వచ్చాడు.

చివర నా వార్త ఒకటి రాసుకున్నాను. "ఈ సాయంత్రం తాళంచెవి అడుగుతున్నారు. ఇవ్వను. చెప్పింది యాకోబు."

ఇది చదవడం ఒక్కటే కష్టం. మిగతావి వాళ్ళ మాటలు, మోసుకుపోతాను. ఇది నాది. గదిలో తలుపు వేసుకుని చిన్నగా చదివి చూశాను. గొంతు బొంగురుగా, ఎవరిదో గొంతులా ఉంది. 'ఇవ్వను' దగ్గర రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆగలేదు. నువ్వు విన్నావా?

నీ అంత గట్టిగా రాదు నాకు. నీలా మధ్యలో నవ్వించలేను. వెనక నిలబడ్డవాళ్ళకు వినబడకపోతే ముందుకు రమ్మంటాను. ఎవరైనా వచ్చి మధ్యలో ఆపితే, మొదటి వార్త నుంచి మళ్ళీ మొదలుపెడతాను. ఆ రోజు కానిస్టేబులు తుడిస్తే రాసినట్టే. నీళ్ళ చెంబు కూడా నింపి పెట్టాను, వచ్చినవాళ్ళకు దాహం వేస్తే ఇవ్వడానికి.

పళ్ళెం చప్పుడు వినబడితే కంగారుపడకు. నేనే.

నీ
యాకోబు

సాయంత్రం: చలి మొదలైంది. కరెంటు ఉంది. బయట జనం చేరుతున్నారు, బాలమ్మ గొంతు వినబడుతోంది. ప్రెసిడెంటు సార్ స్కూటర్ చప్పుడు కూడా. మోటరు వేశాను. రెండో వీధి వాల్వు... ఉండు, ఆరయింది. పళ్ళెం తీస్తున్నాను.